కుర్చీ లేని కొట్టు

చచ్చిన మెషీన్‌ని చేతికిచ్చారు సరే, దాని తాలూకు మనిషిని కూడా ఎదురుగా కూర్చోబెట్టాలా, శవం పక్కన చుట్టంలా, అనుకున్నాడతను ల్యాప్‌టాప్‌ని తన వైపు తిప్పుకుంటూ. మూత ఎత్తి బటన్ నొక్కాడు. దీపం వెలగలేదు. గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. లోపల ఫ్యాను ఉలకలేదు, పలకలేదు, పైగా మూత వచ్చి వేళ్ళ మీద పడింది. స్క్రూల డబ్బా ఒకటి ఆనించి మూతని నిలబెట్టి మళ్ళీ నొక్కాడు. ఊహూఁ. ఎదురుగా ఉన్న పెద్దావిడ ఒళ్ళో గుడ్డసంచిని రెండు చేతులా పట్టుకుని కాస్త ముందుకి వంగి, "బాబూ, దీనికేమైందంటే..." అని ఎత్తుకుంది. అతను తల ఎత్తకుండానే అరచెయ్యి అడ్డం పెట్టి, "మీరేం చెప్పక్కర్లేదమ్మా, నేను చూసుకుంటాను" అన్నాడు. ఆవిడ తెరిచిన నోరు మూసుకుంది. హమ్మయ్య. ఇన్నేళ్ళు కొట్టు నడిపి అతను తెలుసుకున్నది ఒక్కటే: మెషీన్ అబద్ధం చెప్పదు, దాన్ని మోసుకొచ్చినవాళ్ళే చెబుతారు. కీబోర్డు సందుల్లోంచి టీ చుక్కలు కారుతుంటే కూడా, నేనేం చెయ్యలేదండీ, దానంతట అదే ఆగిపోయింది అంటారు. నీళ్ళబిందెలో పడేసినవాడు కూడా వాతావరణం చెమ్మగా ఉంది కదండీ అంటాడు. ఛీ, మనుషులు.

పరీక్షట, పరీక్ష. ఈ వయసులో, ఇంత పనితనం చేతిలో పెట్టుకుని, నిన్నగాక మొన్న చదువులు ముగించిన కుర్రకారు పక్కన వరుసలో కూర్చుని పరీక్ష రాయాలి. సర్వీసు సెంటరంటే ఏదో అనుకున్నాడు గానీ, ఆస్పత్రికీ బ్యాంకుకీ మధ్యన ఏదో అయోమయంలా ఉంది గది, తెల్లటి బల్లలు, తెల్లటి దీపాలు, నేల మీద చిన్న తీగముక్క కూడా లేదు. పని జరిగే చోటు ఇలాగా ఉండేది? ఒక్కో బల్ల మీద ఒక్కో మెషీన్, బల్లకి అవతల దాని సొంతదారు. పరీక్ష పెట్టే అమ్మాయి, అతని కూతురికంటే రెండుమూడేళ్ళు పెద్దదేమో, మెడలో గుర్తింపు కార్డు ఊపుకుంటూ వచ్చి చెప్పింది, వీళ్ళంతా మా కస్టమర్లే, ఇవాళ్టి రిపేరు వీళ్ళకి ఉచితం, మీకు గంట టైముంది, కావాల్సినవన్నీ మీ బల్ల దగ్గరే ఉన్నాయి, కానివ్వండి అని. కానివ్వండట. అతను ఈ పని మొదలుపెట్టిన నాటికి ఈ పిల్ల పుట్టలేదు. పోనీలే, సాయంత్రానికి ఉద్యోగం కాగితం చేతిలో పడితే చాలు. పడకపోతే? పడకపోతే రేపటి నుంచి బావమరిది కొట్టులో ఓ మూల. తలుచుకోవడం మానేసి బల్ల మీది చార్జరు అందుకున్నాడు.

దానికి రకరకాల పిన్నులున్నాయి. ఒకటి దూరనే లేదు, ఒకటి దూరింది గానీ వదులుగా ఊగింది, దీపం మాత్రం వెలగలేదు. చూశావా, సాకెట్టు అరిగిపోయింది అని తేల్చేసుకున్నాడు. అరగదా మరి? చార్జరుని పట్టుకుని పీకుతారు వీళ్ళు, కలుపు మొక్కని పీకినట్టు. తిరగేసి చూస్తే బ్యాటరీ ఉండాల్సిన చోట గుంత ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. బ్యాటరీ కూడా ఏ చెత్తకుప్పలో పడేసిందో మహాతల్లి. కీబోర్డు చూడబోతే అక్షరాలు సగం అరిగిపోయాయి, మనవలకి ఆటలాడుకోవడానికి ఇచ్చి ఉంటుంది. ఆవిడ వేళ్ళ కణుపుల మీద నల్లగా కమిలిన మచ్చలు కనిపించాయి, ఏ తలుపు సందులోనో పెట్టుకుని ఉంటుంది, చూపు ఆనదు గాని కంప్యూటరొకటి. స్క్రూడ్రైవరు తీశాడు. స్క్రూ తల మీద మొన కూర్చోగానే చేతికి ఏదో చల్లగా తెలిసింది, చిన్నప్పట్నుంచీ అంతే, మొదటి స్క్రూ వదులైనప్పుడు లోకం కూడా కాస్త వదులవుతుంది.

చిన్నప్పుడు విప్పిన ఆ మొదటి స్క్రూ గోడగడియారానిది. తర్వాత రేడియో. తర్వాత మేనమామ ఆఫీసులో పారేస్తుంటే అడిగి తెచ్చుకున్న పాత కంప్యూటర్, బండరాయంత బరువు, మేనమామ దాన్ని వసారాలో దించి, నడుం పట్టుకుని, ఒరేయ్ ఇది పనిచెయ్యదురా అన్నాడు, చెయ్యకపోతేనే మంచిది మావయ్యా అన్నాడతను. అన్నం తినే పళ్ళెంలో స్క్రూలు వరుసగా పేర్చుకుని కూర్చుంటే, అమ్మ వచ్చి, తినే కంచంలో ఆ తుప్పేమిట్రా, ఈ పిల్లాడు మనుషుల్ని కూడా విప్పి చూస్తే గానీ నమ్మడేమో అంది. మనుషుల్ని విప్పితే ఏముంటుంది, మాటలు తప్ప? నాన్న బట్టల దుకాణంలో సేల్స్‌మన్. నోరే పెట్టుబడి. పొద్దస్తమానం దుకాణంలో మాట్లాడి, ఇంటికొచ్చి దుకాణంలో ఏం మాట్లాడాడో మాట్లాడేవాడు, నిద్రలో కూడా, రంగు పోదమ్మా నాదీ పూచీ అనేవాడు. రంగు పోయేది. పోయిందని జనం వస్తే మళ్ళీ మాట్లాడేవాడు. ఆ గోలలో ఇంటి మొత్తానికి మాట్లాడనిది వసారాలోని ఆ పెట్టె ఒక్కటే. దాని ముందు కూర్చుంటే చెవులకి ఎంత హాయి! దుమ్ము దులిపి, చీపురుపుల్లకి దూది చుట్టి చిప్పుల కాళ్ళు ఒక్కొక్కటే తుడిచి, సెలవులన్నీ దానికే ధారపోసి, ఒకరోజు మధ్యాహ్నం అది బీప్ మంది. ఒక్క బీప్. అంతకంటే ఎక్కువ మాట్లాడాల్సిన అవసరం ఎవరికీ లేదని ఆ రోజే అతనికి అర్థమైంది. పిచ్చి సరదా అన్నారు చుట్టాలు, అదే సరదా తర్వాత అన్నం పెట్టింది, కొట్టు పెట్టించింది, పిల్లనిప్పించింది. మరి ఇప్పుడేమంటారు? ఇప్పుడూ ఏదో అంటూనే ఉన్నారు, అనడమే కదా వాళ్ళ పని.

పక్క బల్ల దగ్గర తెల్లచొక్కా కుర్రాడింకా స్క్రూ కూడా విప్పలేదు. ఎదుటి ఆయనతో కబుర్లు. ఎప్పట్నుంచి సార్, వానలప్పుడేనా సార్, అవునా సార్, అయ్యో సార్. అవతలి బల్ల దగ్గర పొడుగు జడ పిల్ల ఇంకా నయం, నాడి పట్టుకున్న డాక్టరమ్మలాగా తల ఊపుతూ, ఇక్కడ నొక్కినప్పుడే వస్తోందా అండీ ఆ చప్పుడు అంటోంది. చప్పుడు నీకు వినపడదా తల్లీ, చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా? పనిరానివాళ్ళకి మాటలు ఎక్కువ, ఆడలేక మద్దెల ఓడు అంటారే, వీళ్ళు ఆట మొదలుపెట్టకముందే మద్దెలతో మాట్లాడుతున్నారు. అతని కొట్టుకొచ్చి ఇలా కబుర్లు చెబుతానంటే ఏమయ్యేదో! మొదట్లో కొట్టులో ఒక కుర్చీ ఉండేది, ఇనప కుర్చీ. వచ్చినవాళ్ళు దాంట్లో చతికిలబడేవాళ్ళు, ఇక లేస్తేనా! కంప్యూటరు ఆగిపోయిన కథ వాళ్ళ పెద్దమ్మాయి కాపురం దగ్గర మొదలయ్యేది. ఒక లెక్చరరైతే తన ప్రింటరు గురించి చెబుతూ చెబుతూ మోకాళ్ళ నొప్పుల దాకా వెళ్ళాడు. ఒకరోజు ఆ కుర్చీని ఎత్తి కొట్టు వెనక పారేశాడు. నిలబడితే కాళ్ళు పీకుతాయి, కాళ్ళు పీకితే నోరు మూతపడుతుంది. ఎంత తెలివైన పని చేశానో అని అప్పట్లో ఇంటికెళ్ళి చెప్పాడు కూడా. పెళ్ళాం నవ్వలేదు. నీ కొట్టుకొచ్చినవాళ్ళు మెషీన్ బాగుచేయించుకుని, మనసు పాడుచేసుకుని పోతున్నారు అంది. మనసు బాగుచెయ్యడానికి నేనేమన్నా స్వామీజీనా? కొట్టు మూతపడింది కూడా అందుకేనంది. కాదు. జనానికి బాగుచేయించుకునే ఓపిక పోయింది, పాతదాన్ని పారేసి కొత్తది కొనుక్కుంటున్నారు, అందుకు మూతపడింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అంటుంది ఆవిడ, అంటే అననీ, కుందేలుకి కాళ్ళెన్నో విప్పి చూసినవాడికే తెలుస్తుంది.

సాకెట్టు బయటికొచ్చింది. మీటరు పెట్టి చూస్తే బాగానే ఉన్నట్టు చూపించింది, మీటరుదేముంది, కంపెనీ మీటరు, దీన్ని నమ్మమంటావా? పిన్ను ఊగడం కళ్ళారా చూశాక మీటరెందుకు? విడిభాగాల ట్రేలో బల్ల చార్జరుకి సరిగ్గా సరిపోయే సాకెట్టు దొరికింది. అదీ లెక్క. పాతదాని తీగలు పుటుక్కున కత్తిరించి, దాన్ని బల్ల కింద చెత్తబుట్టలోకి విసిరాడు. పెద్దావిడ సగం లేచి, "బాబూ, అది..." అంది. అరచెయ్యి మళ్ళీ లేచింది, ఈసారి అతను లేపమనకుండానే లేచింది. ఆవిడ కూర్చుని సంచి సర్దుకుంది, సంచిలో ఏదో గట్టి వస్తువు బల్లకి తగిలి టక్కుమంది. ఏం మోసుకు తిరుగుతారో వీళ్ళు.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కే లోపు బావమరిది మొహం కళ్ళముందుకొచ్చింది, పిలవని పేరంటానికి వచ్చినట్టు. ఫోన్ల కవర్లు, చార్జర్లు, అద్దానికి అంటించే రేకులు, ఇవి అమ్ముకునే మనిషి. ఐరన్ ఏ వైపు పట్టుకోవాలో తెలీదు వెధవకి, కాలేవైపు పట్టుకున్నాడు ఒకసారి, ఇప్పటికీ బొటనవేలి మీద మచ్చ ఉంది. కానీ కొట్టులో కుర్చీ ఉంది. ఒకటి కాదు, జనం ఎక్కువైతే తను కూర్చున్నది కూడా తీసి వేస్తాడు. రండి, కూర్చోండి, ఏమైందండీ, మంచినీళ్ళు తాగండి ముందు. కథంతా వింటాడు, అయ్యయ్యో అంటాడు, ఆఖరికి, ఇది నాకు చేతకాదండీ, మా బావైతే చిటికెలో చేస్తాడు అని పంపేవాడు. ఆ పంపినవాళ్ళు మళ్ళీ అతని దగ్గర మొదలుపెట్టేవాళ్ళు, అతను చెయ్యి అడ్డం పెట్టేవాడు, కొన్నాళ్ళకి వాళ్ళూ రావడం మానేశారు. కవర్లమ్ముకునేవాడి కొట్టు ముందు జనం, పని తెలిసినవాడి కొట్టు ముందు ఈగలు. ఇదీ లోకం! కొట్టు మూసిన వారమే వచ్చి, "బావా, నా కొట్టులో ఓ మూల బల్ల వేసుకో, వచ్చినవాళ్ళతో నేను మాట్లాడతా, నువ్వు పని చూసుకో" అన్నాడు, ఎంత దయ! అతనికి నెత్తిన నిప్పులు పోసినట్టయింది. అప్పుడే, పెళ్ళాం ముందే, "నాకు ఎవరి పంచనా పడాల్సిన ఖర్మ పట్టలేదురా, కంపెనీ ఉద్యోగం తెచ్చుకుంటా, చూస్తూ ఉండు" అన్నాడు. అన్నాక తెచ్చుకోవాలి. లేకపోతే రేపటి నుంచి ఆ కవర్ల మధ్య, ఆ రేకుల మధ్య, వాడు అయ్యయ్యో అంటుంటే వింటూ కూర్చోవాలి. సీసం కరిగి తీగని పట్టుకుంది, నున్నగా, మెరుస్తూ, చుక్క అటూ ఇటూ పోకుండా. ఇలాంటి అతుకు వెయ్యమను చూద్దాం ఆ తెల్లచొక్కాని.

తెల్లచొక్కా అప్పుడే లేచాడు. ఎదుటి ఆయనతో చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. చేతులెత్తేసి ఉంటాడు, పాపం, కబుర్లతో కంప్యూటర్లు బాగుపడితే మా నాన్న ఎంతమందిని ఉద్ధరించేవాడో. పాపం అనుకున్నాడు గానీ పాపమనిపించలేదు. కూతురు కూడా ఇంతే, మేనమామ దగ్గరికి పరిగెడుతుంది కబుర్లకి. చదువుతున్న చదువు మానేసి బొమ్మలు వేసే కాలేజీలో చేరింది, ఆ సంగతి తండ్రికి ఎవరు చెప్పారు? బావమరిది చెప్పాడు, కవర్లు సర్దుకుంటూ, నీకు తెలుసనుకున్నా బావా అని. ఇంటికెళ్ళి అరిస్తే పిల్ల అరవలేదు. నీకు చెబుదామనే వచ్చా నాన్నా, నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు అంది. ఎప్పుడు? గుర్తులేదు. పనిలో ఉండి ఉంటాడు. పనిలో ఉన్నప్పుడు వస్తే ఎవరైనా ఏం చేస్తారు? పెళ్ళాం మధ్యలోకొచ్చి, మీ నాన్నకి చెప్పేకంటే గోడకి చెప్పుకోవడం నయమే, గోడకైనా చెవులుంటాయంటారు అంది. ఆ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చింది? ఐరన్ కాసేపు పక్కన పెట్టాడు. ఎదురుగా ఆవిడ అతని చేతులకేసి చూస్తోంది, ఏమీ అడగడం లేదు. మంచి కస్టమరంటే ఇలా ఉండాలి. ఇలాంటివాళ్ళు పదిమంది ఉంటే కొట్టు మూసేవాడే కాదు.

మళ్ళీ అన్నీ బిగించాడు. ఫ్యానులో పేరుకున్న దుమ్ము ఊదేశాడు, ఎవరూ అడక్కపోయినా, పనంటే అదీ. తిప్పి పెట్టాడు, మూత ఎత్తాడు, పడబోతుంటే అలవాటుగా స్క్రూల డబ్బా ఆనించాడు, బల్ల చార్జరు గుచ్చాడు. పిన్ను పుటుక్కున కూర్చుంది. దీపం వెలిగింది! ఫ్యాను గుర్రుమంది, తెర మీద వెలుగొచ్చింది, వసారా, దూది, పళ్ళెంలో స్క్రూలు, బీప్, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఒరేయ్ బావమరిదీ, చూశావట్రా? ఎవడితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా, చచ్చినదాన్ని లేపి కూర్చోబెట్టాను. గది చుట్టూ చూశాడు గర్వంగా. జడ పిల్ల కూడా వెళ్ళిపోయింది, బల్లలన్నీ ఖాళీ, ఒక్కడే మిగిలాడు. ఓడిపోయినవాళ్ళంతా ముందే లేచి పోతారు, అంతేగా మరి.

పరీక్ష పెట్టిన అమ్మాయి వచ్చి నిలబడింది. "అయిందాండీ? ఇంతకీ అమ్మగారు ఏం ఇబ్బందితో వచ్చారు?"

"మెషీన్ ఆన్ కావట్లేదు. పవర్ సాకెట్టు పోయింది, కొత్తది వేశాను. చూడండి" అని ఆవిడకి కనబడేలా ల్యాప్‌టాప్‌ని అటు తిప్పాడు. తిప్పేటప్పుడు స్క్రూల డబ్బా పక్కకి జరిగింది. మూత ఠప్పున పడింది.

పెద్దావిడే గొంతు సర్దుకుంది. "ఆన్ కాకపోవడమేంటమ్మా? పొద్దున కూడా దాంట్లోనే పనిచేసుకుని వచ్చా. నేను టైపు చేసి బతికేదాన్ని. ఆ మూతే నిలబడి చావట్లేదు, వేళ్ళ మీద పడుతోంది, ఇదిగో చూడు ఎలా కమిలిపోయాయో. అది కాస్త బిగిస్తారని తెచ్చా. బరువుగా ఉందని బ్యాటరీ తీసి సంచిలో వేసుకున్నా. చెబుదామనే అనుకున్నా, బాబు వద్దన్నాడు." అంటూనే సంచిలోంచి బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టింది. దాని వెనకే చుట్టిన వైరుతో తన చార్జరు. ఆ పిన్నుని కొత్త సాకెట్టు దగ్గర పెట్టి, ఇటు తిప్పి, అటు తిప్పి, ఆగిపోయింది. దూరలేదు. కోపం లేకుండా, నిజంగా తెలియక అడిగినట్టు, "ఇప్పుడిది ఎక్కడ పెట్టుకోవాలి బాబూ?" అంది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాడు. కాదు, అంతకంటే అన్యాయం, ఎత్తుకున్న పిల్ల చెయ్యి విరిచి మరీ వెతికాడు. ఎన్నిసార్లు పడింది ఆ మూత? ఎన్నిసార్లు ఈ చేత్తోనే డబ్బా ఆనించాడు? మెషీన్ అబద్ధం చెప్పదు. మొదటి నిమిషంలోనే చెప్పింది, వేళ్ళ మీద కొట్టి మరీ చెప్పింది. కింద కూర్చుని చెత్తబుట్టలో చెయ్యి పెట్టాడు. సాకెట్టు దొరికింది, బంగారంలాంటి సాకెట్టు, తీగలు మొదలంటా కత్తిరించేశాడు కదా, చేత్తో పట్టుకుని లేచాడు. "మళ్ళీ వేసేస్తానండీ, పది నిమిషాలు చాలు, మూత కూడా బిగిస్తా, ఒక్క స్క్రూ అంతే. అసలు ఏమైందంటే..."

ఆ అమ్మాయి అరచెయ్యి అడ్డం పెట్టింది. దురుసుగా కాదు, మర్యాదగానే, చిన్నగా నవ్వుతూనే. "మీరేం చెప్పక్కర్లేదండీ, మేం చూసుకుంటాం."

ఎదురుగా ఉంటే ఆ చెయ్యి ఇంత పెద్దగా కనిపిస్తుందా? గదంతా అదే ఉంది, దాని వెనక మొహం కూడా కనబడలేదు. కూతురు నిలబడి ఉంటుంది ఇలాగే, గుమ్మం దగ్గర, చెప్పాల్సిన మాట నోట్లో పెట్టుకుని. ఎంతసేపు నిలబడిందో. కుర్చీ పారేశాక లెక్చరరు కూడా నిలబడ్డాడు మోకాళ్ళ నొప్పులతో. అతను పెద్దావిడకేసి తిరిగి ఏదో అనబోయాడు, ఆవిడ ల్యాప్‌టాప్ మూత సవరించుకుంటూ కమిలిన వేళ్ళతో నెమ్మదిగా దాన్ని తన వైపుకి లాక్కుంది. అతను స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసి బయటికొచ్చాడు.

బయట ఎండ ఇంకా ఉంది. మెట్ల మీద తెల్లచొక్కా, జడ పిల్లా నవ్వుకుంటూ ఫోన్లలో ఇళ్ళకి చెప్పుకుంటున్నారు. చెప్పుకోండి, చెప్పుకోండి. కోపం తెచ్చుకుందామని చూశాడు, ఎప్పుడూ పిలవకుండానే వచ్చేది, ఇవాళ రాలేదు, వచ్చిన కాస్తా తన మీదికే వచ్చింది. వెధవ, సన్నాసి, మూతకీ సాకెట్టుకీ తేడా తెలియని మొద్దు. చేతిలో ఇంకా ఆ పాత సాకెట్టుంది, ఆవిడది, తెలియకుండా పట్టుకొచ్చేశాడు. తిరిగి లోపలికి వెళ్ళబోయి, ఆ అరచెయ్యి తలుచుకుని ఆగిపోయాడు. జేబులో ఫోను మోగింది. బావమరిది. ఎత్తకూడదనుకున్నాడు, ఎత్తాడు.

"ఏమైంది బావా?"

ఏం చెప్తాం. అయింది రా, రేపు చేరమన్నారు అని ఓ మాట పడేద్దామా? వెధవకి ఐరన్ ఏ వైపు పట్టుకోవాలో తెలీదు, అబద్ధం చెప్పినా నమ్ముతాడు. అవతల కొట్టులో ఎవరో కవరు బేరమాడుతున్నారు, ఒక్క నిమిషం ఆగండి అంటున్నాడు వాడు వాళ్ళతో. తర్వాత ఇనప కుర్చీని నేల మీద లాగిన చప్పుడు, కీచుమని, ఫోనులోంచి చెవిలోకి. ఆ చప్పుడు అతనికి తెలుసు. అది తన కుర్చీయే, కొట్టు వెనక పారేసింది. ఎప్పుడు తీసుకెళ్ళాడో వీడు!

"కూర్చున్నా బావా. ఇప్పుడు చెప్పు, ఏమైంది?"

అతను మెట్టు మీద కూలబడ్డాడు. చేతిలోని సాకెట్టుని ఇటూ అటూ తిప్పాడు, అవతల కుర్చీ కదిలిన చప్పుడు రాలేదు.

"ఏమైందంటే రా..." అన్నాడు.